బాతు గూట్లో కూర్చుండిపోయింది. గుడ్లు తియ్యాలా, వదిలెయ్యాలా?

పెందుర్తి_పెరడు
అందరికీ నమస్కారం. మాది పెందుర్తి దగ్గర, ఇంటి వెనక ఆరు సెంట్ల జాగా ఉంది. పోయిన ఏడాది అయిదు బాతులు తెచ్చుకున్నాను, నాలుగు ఆడవి, ఒకటి మగది. అమ్మినాయన కాకీ క్యాంప్‌బెల్ జాతి అన్నాడు. ఇంతవరకు పొద్దున్నే గుడ్లు ఏరుకోవడం, పిల్లలకి అట్టు వెయ్యడం, అంతే. మొన్న వారం రోజులు విజయనగరం వెళ్లొచ్చాం. పక్కింటివాళ్లు మేత వేశారు గానీ గుడ్ల సంగతి పట్టించుకోలేదు. వచ్చి చూస్తే షెడ్డులో పాత మంచం కింద గడ్డిలో 11 గుడ్లు, వాటి మీద ఒక బాతు! దగ్గరికెళ్తే బుస్సుమంటోంది. రొమ్ము మీది నూగు పీక్కుని చుట్టూ పరుచుకుంది. మా బావమరిది గుడ్లు పొదిగే మెషిన్‌లో పెట్టిద్దామంటాడు. మా ఆవిడ ఆ పిల్లల్ని ఎవరు చూస్తారని అడుగుతోంది. మా అమ్మేమో "తల్లికి లేని బాధ నీకెందుకురా, వదిలెయ్" అంటోంది. ఏం చెయ్యమంటారు?

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
తమ్ముడూ, ముందు లెక్క చూసుకో. పొదుగుకి కూర్చున్న బాతు గుడ్లు ఆపేస్తుంది. పొదగడానికి 28 రోజులు, పిల్లల్ని వెంటేసుకుని తిరగడానికి ఇంకో ఏడెనిమిది వారాలు. మూడు నెలలు దాని గుడ్లు మర్చిపోవాల్సిందే. మెషిన్ అయితే 37.5 డిగ్రీలు పెట్టి, తేమ 55, 60 శాతం మధ్య ఉంచి, 25వ రోజు దాకా గుడ్లు తిప్పుతాం. ఆఖరి మూడు రోజులు తేమ 70 దాటిస్తాం. గుడ్లు తీసేస్తే బాతు రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్లలోకి వస్తుంది. నా దగ్గర మెషిన్ ఖాళీగానే ఉంది, తెచ్చెయ్.

తాతగారి_గంప (పద్మనాభం)
బాబాయ్ లెక్క తప్పని అనను. కానీ ఈ అబ్బాయి గుడ్ల వ్యాపారం చెయ్యట్లేదు కదా.

ఒకటి మాత్రం చెప్పాలి. కాకీ క్యాంప్‌బెల్ అసలు పొదుగుకి కూర్చోవడమే అరుదు. బాగా మేపితే ఏడాదికి 300 దాకా పెట్టే జాతి అది. కూర్చున్న బాతు గుడ్లు మానేస్తుంది కాబట్టి, గుడ్ల కోసం పెంచేవాళ్లు కూర్చోనివాటినే ఉంచుకుంటూ వచ్చారు. అలా ఆ గుణం చాలావరకు పోయింది. మీది కూర్చుందంటే అందులో నాటు రక్తం ఉండే ఉంటుంది. అమ్మినాయన మాట అలా ఉంచండి.

మా చిన్నతనంలో మా ఊళ్లో బాతులు పొదగడం నేను చూడలేదు. బాతు గుడ్లన్నీ కోడి కిందే పెట్టేవాళ్లు. కోడి లెక్క 21 రోజులు, బాతు గుడ్డుకి 28. ఆ ఏడు రోజులు ఎక్కువని దానికి ఎవరు చెప్తారు? అయినా పాపం కూర్చునేది. బాతయితే ఒళ్లు తడుపుకుని వచ్చి కూర్చుంటుంది, కోడి అలా చెయ్యదు. అందుకని ఆఖరి వారం మా నాయనమ్మ రోజూ గోరువెచ్చని నీళ్లు చేత్తో చిలకరించేది. ఇక పిల్లలు వచ్చాక చూడాలి. మొదటిసారి చెరువు కనబడగానే అన్నీ బుడుంగుమని దిగిపోయేవి. కోడి గట్టు మీద ఆ కొసకీ ఈ కొసకీ పరుగెడుతూ, రెక్కలు కొట్టుకుంటూ ఒకటే గోల. నాలుగైదు రోజులకి అలవాటు పడి గట్టు మీదే పురుగులు ఏరుకుంటూ కాపలా కాసేది. ఆ కోడిని చూసి నవ్వేవాళ్లం గానీ, ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది.

మీ బాతుకి ఆ కష్టం లేదు. వదిలెయ్యండి.

సబ్బవరం_అక్క
వదిలెయ్యడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు బాబూ. పొదగడం దాని పని, కావలి మన పని.

ముందు పెన్సిల్ తీసుకుని ఇప్పుడున్న 11 గుడ్లకీ గుర్తు పెట్టు. పెన్ను వద్దు. వారంలో 11 గుడ్లంటే ఒక బాతు పెట్టినవి కావు, రెండు మూడు కలిసి పెట్టి ఉంటాయి. ఇకముందు కూడా అక్కడే పెడతాయి. రోజూ ఇది మేతకి లేచినప్పుడు చూసి, గుర్తు లేని గుడ్డు తీసేయాలి. లేకపోతే సగం పిల్లలు ముందు, సగం వెనక అవుతాయి. తల్లి ముందొచ్చినవాటిని తీసుకుని వెళ్లిపోతే వెనకవి గూట్లో చల్లబడి చచ్చిపోతాయి. చాలామందికి మొదటిసారి పోయేది ఇక్కడే.

గుడ్లకి మట్టి అంటిందని కడక్కు. పెంకు మీద కంటికి కనబడని పొర ఉంటుంది, కడిగితే అది పోయి లోపలికి మురికి దిగుతుంది. గడ్డి మాత్రం శుభ్రంగా ఉంచు. మేత, నీళ్లు గూట్లో పెట్టకు, నాలుగడుగుల దూరంలో పెట్టు. గింజలు గూట్లో రాలితే ఎలకలొస్తాయి. రోజుకి ఒకసారో రెండుసార్లో లేస్తుంది. గుడ్లమీద ఆ నూగు కప్పి వెళ్తుంది, తిని, మునిగి, అరగంటలోపు వస్తుంది. లేచినప్పుడు ఒకేసారి ఇంత పెద్ద రెట్ట వేస్తుంది, కంపు భరించలేవు. రోగమేమో అని కంగారుపడకు. రోజంతా ఆపుకుని కూర్చుంటుంది కదా.

ఇంకోటి, మగబాతుని ఆ వైపు రానివ్వకు.

పెందుర్తి_పెరడు
అక్కా, నూరేళ్లు చల్లగా ఉండాలి మీరు. ఆ రెట్ట చూసి నిజంగానే డాక్టర్‌కి ఫోన్ చెయ్యబోయాను. గుర్తులు పెట్టేశాను. వదిలెయ్యాలనే నిర్ణయించుకున్నాను. బాబాయ్, కోపం తెచ్చుకోకండి.

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
కోపమెందుకు తమ్ముడూ. 11లో నాలుగు మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం.

భీమిలి_గాలి
మెషిన్ మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్తాను. 2014 అక్టోబర్ 12. వైజాగ్‌లో ఉన్నవాళ్లెవరికీ ఆ తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు, హుద్‌హుద్ తుఫాను. అప్పటికి నా మెషిన్‌లో 40 బాతు గుడ్లు, 19వ రోజు. గాలి మొదలవ్వక ముందే కరెంటు పోయింది. మొదటి రాత్రి వేడినీళ్ల సీసాలు గుడ్డల్లో చుట్టి లోపల పెట్టాను. రెండో రోజుకి గ్యాస్ కూడా జాగ్రత్తగా వాడుకోవాల్సిన పరిస్థితి. మా వీధికి పది రోజులు కరెంటు రాలేదు. పెరట్లో ఒక నాటుకోడి పొదుగు మీద ఉంటే, దాని కింద పట్టినన్ని, తొమ్మిది గుడ్లు తోశాను. దాని గుడ్లు దానికి ఉండగానే! మొత్తానికి ఆ తొమ్మిదిలో అయిదు పిల్లలయ్యాయి. మెషిన్‌లోవి ఒక్కటి కూడా కాలేదు. పైకప్పు రేకులెగిరిపోయినా ఆ కోడి మాత్రం గంప కిందనుంచి లేవలేదు.

మెషిన్ చెడ్డదని అనను. కానీ తల్లి ఒంటి వేడికి ఏ తీగా అక్కర్లేదు.

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
హుద్‌హుద్ మాట తెచ్చి నా నోరు కట్టేశారు. ఇప్పుడు ఇన్వర్టర్ ఉందిలెండి.

పెందుర్తి_పెరడు
ఇవాళ 8వ రోజు. రాత్రి ఇది మేతకి లేచినప్పుడు ఫోన్ టార్చ్ కింద పెట్టి చూశాను. తొమ్మిదింటిలో ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడ్డాయి, మధ్యలో చుక్క కదులుతోంది. మా చిన్నది "నాన్నా, గుండె!" అని అరిచేసరికి బాతు పరుగెత్తుకొచ్చింది. రెండింటిలో మాత్రం ఏమీ లేదు, పచ్చసొన నీడ ఒక్కటే. ఉంచాలా తీసెయ్యాలా?

సబ్బవరం_అక్క
తీసెయ్. పిల్ల కట్టని గుడ్డు ఈ ఉక్కలో మురిగిపోతుంది. గూట్లో పగిలిందా, మిగిలిన గుడ్లు కూడా చెడతాయి. ఇంక రోజూ టార్చ్ వెయ్యకు. పిల్లదానికి చూపించాలనిపిస్తే 18వ రోజు ఇంకోసారి చూడు, చాలు.

కొండకర్ల_కెమెరా
దారి తప్పించినందుకు ఏమనుకోకండి, నేను బాతులు పెంచేవాణ్ణి కాదు, ఫొటోలు తీసేవాణ్ణి. కొండకర్ల ఆవ సరస్సులో చుక్కముక్కు బాతు పిల్లలతో కనబడింది, తొమ్మిది పిల్లలు. తామరాకుల మధ్యనుంచి వరసగా పోతున్నాయి. పైన గద్ద నీడ పడగానే తల్లి ఒక చిన్న కూత కూసింది, తొమ్మిదీ ఆకుల కిందికి మాయం. రెండు నిమిషాలు ఒక్కటీ కదల్లేదు. గూట్లోంచి దిగి వారం కూడా అయి ఉండదు. ఎవరు నేర్పారు వీటికి? మెషిన్‌లో పుట్టిన పిల్లకి ఆ కూత అర్థమవుతుందా?

కొత్తవలస_కుర్రాడు
అన్నా, ఆవలో ఆ గుడ్లు దొరుకుతాయా? పెందుర్తి అన్న బాతు కింద పెడితే అడవి బాతులు పెంచుకోవచ్చు కదా.

కొండకర్ల_కెమెరా
తమ్ముడూ, ఆ ఆలోచన ఇక్కడే మానేయ్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పక్షి గుడ్డు ముట్టుకున్నా కేసే. చట్టం సంగతి అటుంచు, వాటి గూడు నీకు దొరికితే నీ వెనకాలే కాకికీ దొరుకుతుంది.

తాతగారి_గంప (పద్మనాభం)
కెమెరా గారు అడిగినదానికి నాకు తెలిసింది చెప్తాను. పుట్టిన మొదటి రోజు బాతుపిల్ల కంటికి కదులుతూ కనబడిందే దాని తల్లి. ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ వెనక హంసబాతు పిల్లలు బారులు తీరి నడిచేవి, ఆయనకి 1973లో నోబెల్ కూడా వచ్చింది. మన బాబాయ్ మెషిన్ పిల్లలకి బాబాయ్ చెప్పులే తల్లి.

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
నిజమే గురువుగారూ. బాత్‌రూమ్ తలుపు బయట కూడా కాపు కాస్తాయి.

పెందుర్తి_పెరడు
17వ రోజు. రాయాలనిపించడం లేదు గానీ రాస్తున్నాను. పొద్దున్న చూస్తే గూటి బయట రెండు గుడ్ల పెంకులు, రక్తం. ముంగిస. షెడ్డు తలుపు కింద నాలుగు వేళ్ల సందు ఉంది, కప్పాలని వారం నుంచి అనుకుంటూనే ఉన్నాను. తప్పు నాదే. బాతు తోక ఈకలు పీకి ఉన్నాయి, మెడ మీద చిన్న గాటు. అంత జరిగినా గూట్లోంచి లేవలేదు. మిగిలిన ఏడు గుడ్ల మీద అలాగే కూర్చుని ఉంది. నన్ను చూసి బుస్సుమనలేదు కూడా. అదే ఎక్కువ బాధనిపించింది.

సబ్బవరం_అక్క
అయ్యో. గాటు ఉప్పునీళ్లతో తుడిచి పసుపు రాయి. గూడు మాత్రం కదపకు, చోటు మారిస్తే ఇది మళ్లీ కూర్చోదు. దాని చుట్టూనే కట్టు. కోళ్ల మెష్ వద్దు, ముంగిస పళ్లతో లాగేస్తుంది. అరంగుళం కన్నాలున్న గట్టి వెల్డెడ్ మెష్ తెచ్చి, నేలలో జానెడు లోతు పాతు. ముంగిస తవ్వుతుంది, పందికొక్కు ఇంకా తవ్వుతుంది. జెర్రిపోతుకి కూడా అదే మెష్ ఆగుతుంది. రుచి మరిగిన ముంగిస తెల్లారేసరికి మళ్లీ వస్తుంది, రేపు చూద్దాంలే అనుకోకు.

పెందుర్తి_పెరడు
ఆఫీసుకి సెలవు పెట్టి గోపాలపట్నంలో మెష్ కొన్నాను. బావమరిదీ నేనూ చీకటి పడేలోపు బిగించేశాం. తెల్లవారుతుండగా మెష్ బయట గోకుతున్న చప్పుడు. టార్చ్ వేస్తే రెండు కళ్లు. అక్కా, మీ మాట వినబట్టి సరిపోయింది.

భీమిలి_గాలి
చాలా రోజులైంది, బాతు ఎలా ఉంది?

పెందుర్తి_పెరడు
26వ రోజు. 18న చూసినప్పుడు ఏడింటిలో ఒకటి ఆగిపోయింది, తీసేశాను. మిగిలినవి ఆరు. బాతు సగమైపోయింది, చేత్తో తడిమితే రొమ్ము ఎముక తగులుతోంది. ధాన్యం, నానబెట్టిన నూకలు పెడుతున్నాను, లేచిన పావుగంటలో గబగబా మింగేసి పరుగే. ఇవాళ సాయంత్రం ఒక వింత. బాతు ఎన్నడూ లేనంత మెల్లగా ఏదో గొణుగుతోంది, రెండు మూడు చిన్న శబ్దాలు, మళ్లీ ఆగడం. చెవి దగ్గర పెడితే గుడ్లలోంచి సన్నగా "ప్సీ ప్సీ". ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు!

తాతగారి_గంప (పద్మనాభం)
అదే బాబూ మెషిన్‌లో లేనిది. పుట్టకముందే తల్లి గొంతు తెలుసుకుంటాయి. గుడ్డుకీ గుడ్డుకీ మధ్య కూడా చప్పుళ్లు నడుస్తాయి, అందుకే దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. ఇంక గూటి దగ్గరికి వెళ్లకండి.

పెందుర్తి_పెరడు
28వ రోజు రాత్రి. మూడు వచ్చేశాయి! రెండు పసుపు మీద గోధుమ చారలు, ఒకటి పూర్తి పసుపు. రెక్క కిందనుంచి తలలు బయటపెట్టి చూస్తున్నాయి. ఇంకో గుడ్డుకి పొద్దున్న చిల్లు పడింది, 14 గంటలైంది, అంతకు మించి ఏమీ జరగలేదు. చిన్నది ఏడుపు ముఖం పెట్టింది. కొంచెం పెంకు ఒలిచి సాయం చెయ్యనా?

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
వద్దు!! చెయ్యి వెనక్కి తియ్యి! చిల్లు పడ్డాక 24 గంటలు, ఒక్కోసారి 48 కూడా పడుతుంది. లోపల పిల్ల ఊరికే లేదు. పచ్చసొన కడుపులోకి లాక్కుంటోంది, పెంకు లోపలి పొరలో రక్తం ఇంకా పారుతోంది. నువ్వు ఒలిచావా, ఆ నరం తెగి కారిపోతుంది. నా మొదటి బ్యాచ్‌లో సాయం చేసి నాలుగు చంపుకున్నాను. మెషిన్ అయినా తల్లి అయినా ఇక్కడ రూలు ఒకటే.

పెందుర్తి_పెరడు
31వ రోజు. బాబాయ్, పాదాభివందనం. నాలుగోది 29వ రోజు మధ్యాహ్నం దానంతటదే వచ్చింది. ఆ వెంటనే అయిదోది. ఆరోది రాలేదు. తల్లి రెండు రోజులు దాన్ని కూడా కింద పెట్టుకుంది. ఇవాళ ఉదయం అయిదింటినీ తీసుకుని గూడు దిగిపోయింది, ఆ గుడ్డు వైపు తల తిప్పలేదు.

మేత ఏం పెట్టాలి? కోడిపిల్లల ఫీడ్ ఉంది ఇంట్లో.

సబ్బవరం_అక్క
మందు కలపని స్టార్టర్ మేత అయితే పెట్టు. కానీ బాతుపిల్లకి నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి, చాలకపోతే కాళ్లు వంకర్లు పోతాయి. బ్రూవర్స్ ఈస్ట్ పొడి దొరికితే మేతలో కలుపు, ఉడకబెట్టిన బటాణీ మెత్తగా చిదిపి వెయ్యి. మిగతాది తల్లే చూపిస్తుంది, వానపాములు, చిన్న నత్తలు, నాచు. ముక్కిన వేరుశనగ చెక్క గానీ బూజు పట్టిన మొక్కజొన్న గానీ దగ్గరికి రానివ్వకు. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ బాతులకి విషం, కోళ్లు తట్టుకున్నంత కూడా ఇవి తట్టుకోలేవు. మన సముద్రపు గాలికి సంచి విప్పిన వారానికే ఫీడ్ బూజు పడుతుంది, కొంచెం కొంచెమే కొను.

నీళ్లు ముక్కు కన్నాలు మునిగేంత లోతు ఉండాలి, కళ్లూ ముక్కూ అక్కడే కడుక్కుంటాయి. కానీ టబ్ పెడితే లోపల ఇటుకలు వెయ్యి, ఎక్కి రావడానికి. తల్లి ఉన్నా సరే, నున్నటి గోడలున్న టబ్‌లో పిల్లలు ఎక్కలేక చచ్చిపోతాయి.

కొత్తవలస_కుర్రాడు
అక్కా, తల్లి లేని పిల్లల్ని నీళ్లలో వదలకూడదంటారు, నిజమా?

సబ్బవరం_అక్క
మొదటి వారాల్లో జాగ్రత్త. తల్లి రెక్కల కింద పడుకున్న పిల్లకి దాని ఈకల నూనె అంటుతుంది. పైగా తడిస్తే వెంటనే వెచ్చగా కప్పేస్తుంది. తల్లి లేని పిల్ల తడిసి ముద్దయి చలికి పోతుంది.

పెందుర్తి_పెరడు
అయిదో రోజున కాకి ఒకదాన్ని ఎత్తుకుపోయింది. తల్లి ఎగిరి కాకి మీద పడింది గానీ అందలేదు. పెరటి పైన పాత చేపల వల కట్టించాను. భీమిలి నుంచి తెచ్చింది మా బావమరిదే, మెషిన్ అన్న మనిషి! ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చి ముందు బాతుల దగ్గరికే వెళ్తున్నాడు.

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
11కి నాలుగు. నేనన్న లెక్కే అయింది చూశావా? నా మెషిన్‌లో ఏడు వచ్చేవి.

భీమిలి_గాలి
వచ్చేవి బాబాయ్. ఆ ఏడింటికీ మూడు వారాలు బల్బు ఎవరు పెడతారు, రోజుకి నాలుగుసార్లు తడిసిన ఊక ఎవరు తీస్తారు, అది కూడా లెక్కలో వెయ్యండి.

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
మీ పిన్నే తీస్తుంది. మొన్న ఈ చర్చ మొత్తం చదివి నాకు వినిపించింది. అప్పటి నుంచి ఇంట్లో కొంచెం ఇబ్బందిగానే ఉంది.

పెందుర్తి_పెరడు
ఏడు వారాలు నిండాయి. నాలుగూ తల్లంత అయ్యాయి. గొంతులు విడిపోయాయి, రెండు గట్టిగా "క్వాక్" అంటున్నాయి, రెండింటికి బొంగురు. అంటే రెండాడ, రెండు మగ అనుకుంటున్నాను. తోక మీద వంపు ఈక వస్తే ఖాయం. మగవాటిలో ఒకటి ఎవరికైనా కావాలా? ఊరికే ఇస్తాను. కోసుకుని తినడానికి మాత్రం ఇవ్వను, చిన్నది ఒప్పుకోదు.

ఇంక్యుబేటర్_బాబాయ్ (గాజువాక)
మగది వద్దు గానీ, ఆ తల్లి కూతుళ్లలో ఒకటి ఇస్తావా? పొదిగే రక్తం కదా. మీ పిన్ని అడుగుతోంది.

పెందుర్తి_పెరడు
ఆదివారం రండి బాబాయ్. పిన్నిని కూడా తీసుకురండి. తల్లి నిన్నటి నుంచి మళ్లీ ఆ మంచం కిందికే వెళ్తోంది, ఇవాళ ఒక గుడ్డు పెట్టింది. పెన్సిల్ వెతుకుతున్నాను.